నడుము ఎమ్మారై రిపోర్టును మీ నొప్పితో సరిపోల్చి చదవడం ఎలా?

బెంగళూరులో నడుము నొప్పికి ఎమ్మారై తీయించుకోవడం ఇప్పుడు పెద్ద పని కాదు. మారతహళ్లిలోనో వైట్‌ఫీల్డులోనో ఉద్యోగం చేసే తెలుగువారికి స్కాన్ అయిన రోజో మర్నాడో రిపోర్టు ఫోనులోకి వచ్చేస్తుంది. అనంతపురం, హిందూపురం, మదనపల్లె వైపు నుంచి తల్లిదండ్రులను చూపించడానికి ఇక్కడికి తీసుకువచ్చేవారు డాక్టరు దగ్గరికి వెళ్లేలోపే స్కాన్ చేయించి సిద్ధంగా ఉంచుకుంటున్నారు. చిక్కంతా ఆ తరువాతే మొదలవుతుంది. ఇంగ్లీషులో ఉన్న ఆ రెండు పేజీలలో డీజెనరేషన్, బల్జ్, కంప్రెషన్ అన్న మాటలు కనిపించగానే, ఇక వంగకూడదని, బరువెత్తకూడదని, బండి నడపకూడదని వైద్యుడిని కలవకముందే ఇంటిల్లిపాదీ తీర్మానించేస్తున్నారు. మూడు నెలలకు పైబడి నడుము నొప్పితో ఉన్నవారు ఆ రిపోర్టును ఏ వరుసలో చదవాలో, దేనితో సరిపోల్చుకోవాలో ఇక్కడ వివరిస్తున్నాను. వైద్యుడి పరీక్షకు వెళ్లేముందు చేసుకునే తయారీగా దీన్ని తీసుకోండి.

మొదట ప్రమాద సూచనలు చూసుకోండి

రిపోర్టు తెరవకముందే కొన్ని ప్రశ్నలకు జవాబు చెప్పుకోండి. మూత్రం రాకుండా ఆగిపోవడం లేదా తెలియకుండానే కారిపోవడం, మల విసర్జనపై అదుపు తప్పడం, మలద్వారం చుట్టూ, తొడల లోపలి వైపు స్పర్శ మొద్దుబారడం, రెండు కాళ్లూ బలహీనపడడం, వీటిలో ఏది కొత్తగా మొదలైనా ఓపీ టోకెను కోసం చూడకుండా, న్యూరోసర్జరీ గానీ వెన్నెముక శస్త్రచికిత్స విభాగం గానీ ఉన్న ఆసుపత్రి ఎమర్జెన్సీకి అప్పటికప్పుడే వెళ్లాలి. హోసూరు రోడ్డులోని నిమ్హాన్స్ అటువంటి చోటే. వెన్నుపాము చివర నుంచి గుత్తిగా కిందికి దిగే నరాలు ఒక్కసారిగా నలిగినప్పుడు ఈ లక్షణాలు వస్తాయి. ఇందులో గంటలు కూడా లెక్కకు వస్తాయి, ఆలస్యమైతే మూత్రం మీద అదుపు పూర్తిగా తిరిగి రాకపోవచ్చు.

రెండో వరుసలోని సూచనలు ఇంత హడావుడి పెట్టవు గానీ, తేలికగా తీసుకోదగినవి మాత్రం కావు. సాయంత్రాలు జ్వరం, రాత్రి చెమటలు, కారణం లేకుండా బరువు తగ్గడం, పడుకున్నా తగ్గని నొప్పి, గతంలో క్యాన్సర్ లేదా క్షయ వచ్చి ఉండడం, చాలాకాలంగా స్టెరాయిడ్ మాత్రలు వాడుతుండడం, పెద్ద వయసులో చిన్నపాటి దెబ్బకే నొప్పి మొదలవడం వంటివి ఉంటే మొదటి సందర్శనలోనే డాక్టరుకు చెప్పండి. మన దేశంలో వెన్నెముకకు వచ్చే క్షయను మరచిపోకూడదు. పక్కపక్కనే ఉన్న రెండు వెన్నుపూసలు దెబ్బతిన్నాయని, వెన్నెముక పక్క కండరాలలో చీము చేరిందని రిపోర్టులో ఉంటే నమూనా తీసి పరీక్షించి నిర్ధారించుకోవాలి. దీనికి మందులతో నయమయ్యే అవకాశం చాలా ఎక్కువ, ప్రభుత్వ కార్యక్రమంలో ఆ మందులు ఉచితంగానే ఇస్తారు.

మూడో గుంపును చాలామంది గుర్తించరు. నలభై అయిదు లోపు వయసులో నొప్పి మెల్లగా మొదలై, పొద్దున లేచాక అరగంటకు పైగా నడుము బిగుసుకుపోయి, తిరుగుతుంటే తగ్గి, విశ్రాంతి తీసుకుంటే పెరిగి, తెల్లవారుజామున నిద్ర లేపుతుంటే అది కీళ్లవాత జాతికి చెందిన వెన్నెముక వాపు కావచ్చు. అలాంటప్పుడు మామూలు నడుము ఎమ్మారైలో ఏమీ దొరకకపోవచ్చు. కటి భాగంలోని సాక్రోఇలియాక్ కీళ్లకు వేరుగా స్కాన్ కావాలి, చూడవలసినవారు కీళ్లవాత వైద్యులైన రుమటాలజిస్టు. ఐటీ కొలువులలో ఉన్న పిల్లలకు దీన్ని కుర్చీ మీదకు నెట్టేసి ఏళ్లు గడిపేయడం బాధాకరమైన విషయం.

ఈ మూడింటిలో ఏదీ లేనివారు ఇంకా స్కాన్ తీయించుకోకపోతే తొందర పడనవసరం లేదు. ప్రమాదకరమైన కారణాల సూచన లేని నడుము నొప్పికి వెంటనే స్కాన్ తీసినా నొప్పిలోనూ కదలికలోనూ మెరుగుదల ఏమీ అదనంగా కనిపించలేదని 2009లో లాన్సెట్ పత్రిక ప్రచురించిన విశ్లేషణ తేల్చింది.

రిపోర్టు చదవకముందే నొప్పిని కాగితం మీద పెట్టండి

ఈ పని ముందే చేయాలి. రిపోర్టులో ఎడమ వైపు అని చదివాక ఎడమ కాలు కూడా లాగుతున్నట్టే అనిపించడం మనుషులందరికీ సహజం.

తెల్ల కాగితం మీద మనిషి వెనుక భాగాన్ని, ముందు భాగాన్ని గీసి నొప్పి ఉన్న చోటు రంగు పెన్సిలుతో నింపండి. నడుముకే పరిమితమా, పిర్ర దాకా వస్తుందా, మోకాలి కిందికి దిగుతుందా అన్నది అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. దిగితే పిక్క వెనుక నుంచి మడమకా, పిక్క బయటి వైపు నుంచి పాదం పైభాగానికి, బొటనవేలికా అన్నది రాయండి. నొప్పి, తిమ్మిరి, మంట ఈ మూడింటినీ విడివిడిగా గుర్తు పెట్టండి. కూర్చుంటే పెరుగుతుందా, నిలబడితే పెరుగుతుందా, దగ్గినా తుమ్మినా కాలిలోకి షాకు కొట్టినట్టు పాకుతుందా, ఎంత దూరం నడిస్తే కాళ్లు బరువెక్కుతున్నాయి, ముందుకు వంగి కూర్చుంటే ఎంత సేపటికి తగ్గుతోంది అన్నవి కూడా చేర్చండి. ఇక గోడ పట్టుకుని మడమల మీద నాలుగడుగులు నడిచి చూడండి. తరువాత ఒక్కో కాలి మీద నిలబడి మునివేళ్ల మీదకు పదిసార్లు లేవండి. ఒక వైపు స్పష్టంగా బలం తక్కువగా ఉంటే అది కూడా రాసుకోండి. పెద్దవారితో ఈ పరీక్షలు చేయిస్తున్నప్పుడు పక్కన ఒకరు తప్పకుండా ఉండాలి.

కాగితంలో మొదట సరిచూడవలసినవి

పేరు, వయసు, తేదీ సరిగా ఉన్నాయా చూడండి. పాత స్కాన్‌తో పోల్చి రాశారా, లేక పాతది వారికి ఇవ్వలేదా గమనించండి. తరువాత వెన్నుపూసల లెక్క. నడుములో సాధారణంగా అయిదు పూసలు ఉంటాయి, వాటిని ఎల్1 నుంచి ఎల్5 దాకా లెక్కిస్తారు, దాని కింద, కటి వెనుక ఎముకలోని మొదటి పూస ఎస్1. కొందరిలో చివరి పూస కింది ఎముకతో కలిసిపోయి గానీ, ఎస్1 విడిపడి గానీ ఉంటుంది. అలా ఉందని రిపోర్టులో రాసి ఉంటే, ఇంజెక్షను గానీ ఆపరేషను గానీ అనుకుంటున్నప్పుడు ఆ వాక్యాన్ని డాక్టరుకు వేలు పెట్టి చూపించండి, ఎందుకంటే లెక్క ఒకటి తప్పితే చికిత్స చేసే చోటే మారిపోతుంది.

రిపోర్టు మాటలను ఎలా తూచాలి

ఒక సంగతి మొదటే మనసులో పెట్టుకోండి. ఏ నొప్పీ లేనివారిని స్కాన్ చేస్తే కూడా ఈ మాటలే ఎక్కువగా కనిపిస్తాయి. 1994లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన అధ్యయనంలో నడుము నొప్పి లేని 98 మందికి ఎమ్మారై తీశారు. వారిలో 52 శాతం మందికి కనీసం ఒక చోట డిస్కు (పూసల మధ్య ఉండే మెత్త) బల్జ్, అంటే ఉబ్బు, 27 శాతం మందికి ప్రొట్రూజన్, అంటే ఒక చోట ముందుకు రావడం ఉన్నాయి. అన్ని డిస్కులూ మామూలుగా ఉన్నవారు 36 శాతమే. 2015లో నొప్పి లేని 3,110 మందికి సంబంధించిన 33 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు డిస్కు అరుగుదల ఇరవై ఏళ్లవారిలో 37 శాతం, నలభైలో 68 శాతం, అరవైలో 88 శాతం, ఎనభైలో 96 శాతం ఉన్నట్టు అంచనా వేశారు. బల్జ్ ఇరవైలో 30 శాతం, యాభైలో 60 శాతం, ఎనభైలో 84 శాతం. మీ అమ్మగారికి అరవై రెండేళ్లయితే, రిపోర్టులో డీజెనరేషన్ లేకపోతేనే ఆశ్చర్యపోవాలి.

ఈ లెక్కలు చూసి స్కాన్‌లో కనిపించేదంతా వట్టిదే అనుకోవడమూ తప్పే. అదే ఏడాది అదే బృందం యాభై లోపు వయసువారిలో నొప్పి ఉన్నవారిని, లేనివారిని పోల్చినప్పుడు బల్జ్, ప్రొట్రూజన్, ఎక్స్‌ట్రూజన్, డిస్కు అరుగుదల, డిస్కు పక్క ఎముకలో కనిపించే మోడిక్ టైప్ 1 మార్పు, పూస వెనుక వంపులో చీలిక అయిన స్పాండిలోలైసిస్, ఇవన్నీ నొప్పి ఉన్నవారిలోనే ఎక్కువగా ఉన్నాయి. కాబట్టి ఒక మార్పు ఉండడం ఒక సంగతి, మీ నొప్పి దాని వల్లే వస్తోందని తేలడం వేరొక సంగతి. స్కాన్ చదివి రిపోర్టు ఇచ్చే రేడియాలజిస్టు చివర క్లినికల్ కోరిలేషన్, అంటే రోగి లక్షణాలతో సరిపోల్చడం, అవసరమని రాసేది అందుకే. ఆయన చిత్రాలను చూశారు, మీ కాలిని చూడలేదు.

ఇప్పుడు మాటలు. డెసికేషన్ అంటే డిస్కులో నీటిపాలు తగ్గడం. వయసుతో వచ్చే ఈ మార్పు ఒంటరిగా ఉంటే దాని మీద ఆగకండి. డిస్కు పూసలోకి చొచ్చుకుపోయిన ష్మోర్ల్ నోడ్స్, పూసలలో హాని లేని రక్తనాళాల గడ్డ అయిన చిన్న హెమాంజియోమా, ఎముక అంచున పెరిగిన ఆస్టియోఫైట్లు చాలా వరకు యాదృచ్ఛికంగా దొరికేవే. యాన్యులర్ ఫిషర్ అంటే డిస్కు బయటి పొరలో చీలిక. నొప్పి లేనివారిలో కూడా ఇది దాదాపు అయిదుగురిలో ఒకరికి కనిపిస్తుంది.

డిస్కు గురించి నాలుగు మాటలను మాత్రం వేరు చేసి తెలుసుకోవాలి. చుట్టుకొలతలో నాలుగో వంతు కన్నా ఎక్కువ భాగం మేర డిస్కు కొద్దిగా బయటికి ఉబ్బితే బల్జ్. ఒక చోట మాత్రమే, మొదలు వెడల్పుగా ఉండి ముందుకు వస్తే ప్రొట్రూజన్. ముందుకు వచ్చిన భాగం దాని మొదలుకన్నా వెడల్పయితే ఎక్స్‌ట్రూజన్. తెగి విడిపోతే సీక్వెస్ట్రేషన్. వింతగా అనిపించవచ్చు గానీ, ఎక్కువ భయపెట్టే చివరి రెండే శరీరం తనంతట తాను కరిగించుకోవడానికి అనువైనవి. 2015లో ప్రచురితమైన ఒక సమీక్షలో సీక్వెస్ట్రేషన్ 96 శాతం, ఎక్స్‌ట్రూజన్ 70 శాతం, ప్రొట్రూజన్ 41 శాతం, బల్జ్ 13 శాతం సందర్భాలలో ఆపరేషను లేకుండానే తగ్గినట్టు తేలింది. డిస్కు జారిందని విని ఇక జీవితాంతం ఇంతేనని కుంగిపోయేవారికి ఈ ఒక్క విషయం చెప్పాలన్నదే ఈ వ్యాసం రాయడానికి పెద్ద కారణం.

మోడిక్ మార్పులు డిస్కుకు ఆనుకున్న ఎముకలో కనిపిస్తాయి. టైప్ 1లో ఎముక మజ్జలో వాపు నీరు ఉంటుంది, టైప్ 2లో కొవ్వు చేరుతుంది, టైప్ 3లో ఎముక గట్టిపడుతుంది. టైప్ 1 అని ఉన్నప్పుడు ఇన్‌ఫెక్షను కాదని డాక్టరు నిశ్చయించుకోవాలి. జ్వరం ఉందా, ఈఎస్‌ఆర్, సీఆర్పీ (వాపును చూపే రక్తపరీక్షలు) ఎంత, డిస్కులో నీరు ఉందా, ఎముక అంచు తినేసినట్టు ఉందా అన్నవి అడగండి.

లిస్థెసిస్ అంటే ఒక పూస కింది పూస మీద నుంచి ముందుకు జరగడం. నాలుగో వంతు లోపు జరిగితే గ్రేడ్ 1, సగం లోపు అయితే గ్రేడ్ 2. స్కాన్ పడుకుని తీస్తారు గనుక నిలబడినప్పుడు ఎంత జరుగుతోందో అందులో పూర్తిగా తెలియకపోవచ్చు. అందుకే ముందుకు, వెనక్కు వంచి తీసే ఎక్స్‌రే అడుగుతారు. మామూలు మాటల్లో గ్యాప్ వచ్చిందని ఇళ్లలో చెప్పుకునేది డిస్కు ఎత్తు తగ్గడం గురించో, ఈ జరగడం గురించో అన్నది కూడా అడిగి తేల్చుకోండి, రెండింటికీ చూసే తీరు వేరు.

థీకల్ శాక్ ఇండెంటేషన్ అంటే నరాల సంచిని డిస్కు తాకి కొద్దిగా నొక్కడం. ఇది తరచుగా కనిపించే మాట, నరం నలిగిందని దీని అర్థం కాదు. నరాల విషయంలో మీరు వెతకవలసినవి వేరే: ఏ నరం, ఏ వైపు, తాకిందా, పక్కకు నెట్టిందా, నలిపిందా.

సరిపోల్చడం

అసలు పని ఇక్కడ ఉంది. ఇందాక గీసుకున్న బొమ్మను, రిపోర్టును పక్కపక్కన పెట్టుకోండి. మధ్య నుంచి కాస్త పక్కగా ఉబ్బిన ఎల్4-ఎల్5 డిస్కు సాధారణంగా కిందికి దిగే ఎల్5 నరాన్ని నొక్కుతుంది. అప్పుడు నొప్పి పిక్క బయటి వైపు నుంచి పాదం పైభాగానికి, బొటనవేలికి వస్తుంది, మడమల మీద నడవడం కష్టమవుతుంది. ఎల్5-ఎస్1 డిస్కు ఎస్1 నరాన్ని నొక్కితే నొప్పి పిక్క వెనుక, మడమ, పాదం బయటి అంచు, చిటికెనవేలి వైపు పోతుంది, మునివేళ్ల మీద లేవడం ఆ వైపు తగ్గుతుంది. ఎల్4 నరమైతే మోకాలి ముందు, కాలి లోపలి వైపు. డిస్కు బాగా పక్కకు, నరం బయటికి వచ్చే రంధ్రంలోకి, అంటే ఫొరామెన్‌లోకి ఉబ్బితే పై నరం నలుగుతుంది. ఎల్4-ఎల్5 దగ్గర అలా జరిగితే బాధ పడేది ఎల్4. ఈ చివరి తేడాను గుర్తుంచుకోండి, డిస్కు పేరు చూసి నరం పేరు ఊహిస్తే పొరపాటు పడతారు.

బొమ్మలో కుడి కాలు, రిపోర్టులో ఎడమ నరం ఉంటే ఆ రెండూ కలవలేదన్న మాట. రిపోర్టు ఎంత పెద్దగా రాసినా ఆ డిస్కు ఈ నొప్పికి కారణమని ఒప్పుకోవడానికి తగిన ఆధారం లేదు. వైపు, నరం, బలహీనత మూడూ కలిస్తే ఆ మార్పుకు విలువ పెరుగుతుంది. నొప్పి నడుము దాటకుండా ఉండి రిపోర్టులో నాలుగు బల్జ్‌లు ఉంటే, వాటిలో దేన్నో ఒకదాన్ని దోషిగా నిలబెట్టడం చాలావరకు సాధ్యం కాదు. అలాగని నొప్పి అబద్ధమూ కాదు. స్కాన్ మామూలుగా వచ్చినవారికి కూడా కండరాలలో, కీళ్లలో, నరాల సున్నితత్వంలో నిజమైన నొప్పే ఉంటుంది.

పెద్దవారి విషయంలో కెనాల్ స్టెనోసిస్ అన్న మాటను నడకతో సరిపోల్చాలి. కాస్త దూరం నడవగానే రెండు కాళ్లూ బరువెక్కి లాగి, కూర్చున్నా ముందుకు వంగినా కాసేపటికి తేలికపడి, మళ్లీ నడవగలుగుతుంటే నరాల దారి ఇరుకుగా ఉండడానికి అది గట్టి గుర్తు. కూర్చోనవసరం లేకుండా, నిలబడితే చాలు తగ్గిపోతుంటే కాళ్ల రక్తనాళాల పరీక్ష కూడా కావాలి, ముఖ్యంగా పొగతాగేవారికి, మధుమేహం ఉన్నవారికి. రిపోర్టులో సివియర్ (తీవ్రం) అని ఉండి ఆ పెద్దవారు హాయిగా తిరుగుతుంటే ఆ మాటకు తొందరపడి ఆపరేషను నిర్ణయించుకోవద్దు.

డాక్టరు ముందు ఎలా మాట్లాడాలి

రిపోర్టు కాగితం ఒక్కటే తీసుకెళ్లకండి. సీడీ గానీ చిత్రాల లింకు గానీ, ఫిల్ములు, పాత స్కాన్‌లు, మీ బొమ్మ అన్నీ పెట్టుకోండి. చిత్రాలు స్వయంగా చూసే డాక్టరు మాటకు విలువ ఎక్కువ. అందుకు బలమైన కారణం ఉంది. న్యూయార్కు ప్రాంతంలో 63 ఏళ్ల ఒకే మహిళకు మూడు వారాల వ్యవధిలో పది వేర్వేరు కేంద్రాలలో ఎమ్మారై తీయించి ఆ రిపోర్టులను పోల్చిన అధ్యయనం 2017లో వెలువడింది. పది రిపోర్టులలో కలిపి 49 వేర్వేరు అంశాలు రాశారు, పదింటిలోనూ ఉన్నది ఒక్కటీ లేదు.

పడుకోబెట్టి కాలు నిటారుగా ఎత్తి చూడడం, బొటనవేలి బలం, మోకాలి దగ్గర, మడమ దగ్గర సుత్తితో కొట్టి చూడడం జరగకుండానే ఆపరేషను మాట వస్తే, పరీక్ష చేయమని మర్యాదగా అడగండి. తరువాత ఈ ప్రశ్నలు వేయండి: ఈ రిపోర్టులో నా కాలినొప్పికి సరిపోయేది ఏది? నా వయసుకు సహజమైనవి ఏవి? వేచి చూస్తే ఏమవుతుంది? వెంటనే రావలసిన లక్షణం ఏది? తల్లిదండ్రులను తీసుకువెళితే జవాబులు వారికి అర్థమయ్యే తెలుగులో అక్కడే చెప్పండి, ఇంటికి వచ్చాక చెబుదామంటే సగం భయంగా మారిపోతుంది. రిపోర్టును వివరించే తీరుకు ఎంత ప్రభావం ఉంటుందో కోయంబత్తూరు గంగా ఆసుపత్రిలో డాక్టర్ ఎస్. రాజశేఖరన్ బృందం పరీక్షించింది. మార్పులన్నీ పూసగుచ్చినట్టు విన్నవారు, వయసుతో వచ్చే సాధారణ మార్పులేనని ధైర్యం విన్నవారికన్నా ఆరు వారాల తరువాత నొప్పిలోనూ పనులు చేసుకోవడంలోనూ వెనకబడ్డారు.

ఆపరేషను సలహా విషయంలో కాలినొప్పిని, నడుము నొప్పిని విడదీసి అడగండి. కాలికి దిగే సయాటికాకు, సరిపోయే డిస్కు ఉన్నప్పుడు, డిస్కు ముక్క తీసే ఆపరేషను నొప్పిని త్వరగా తగ్గిస్తుంది. కానీ నెదర్లాండ్స్‌లో 2007లో ప్రచురించిన పరిశోధనలో, త్వరగా ఆపరేషను చేయించుకున్నవారు, మొదట వేచి చూసినవారు ఏడాది తిరిగేసరికి ఒకే స్థితికి చేరారు. బలహీనత పెరుగుతున్నవారికి ఇది వర్తించదు, వారు ఆగకూడదు. అరుగుదల ఒక్కటే చూపించి, కాలినొప్పి లేకుండా పూసలను బిగించే ఆపరేషను చెబితే తప్పకుండా రెండో అభిప్రాయం తీసుకోండి. ఖర్చు భారమైనవారికి జయనగరలోని సంజయ్ గాంధీ ట్రామా, ఆర్థోపెడిక్స్ సంస్థ, వైట్‌ఫీల్డులో ఉచితంగా వైద్యం చేసే శ్రీ సత్యసాయి ఆసుపత్రి ఉన్నాయి.

ఆ తరువాతి రోజులు

ప్రమాద సూచనలు లేవని తేలాక కదలికే చికిత్సలో ముఖ్య భాగం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో దీర్ఘకాలిక నడుము నొప్పికి ఇచ్చిన మార్గదర్శకాలు వ్యాయామాన్ని, అవగాహన కల్పించడాన్ని సూచించాయి, నడుము బెల్టులను, నడుమును లాగిపట్టే ట్రాక్షన్‌ను మామూలుగా వాడవద్దన్నాయి. ఫిజియోథెరపిస్టు దగ్గర ఒకసారి వ్యాయామాలు సరిగా నేర్చుకుని, ఓర్చుకోగలిగినంత నడకతో మొదలుపెట్టి వారం వారం పెంచండి. వ్యాయామం తరువాత కాస్త నొప్పి పెరిగి మర్నాటికి సర్దుకుంటే ఆపనవసరం లేదు. నొప్పి కాలిలో ఇంకా కిందికి దిగుతూ పోతే మాత్రం ఆపి చూపించండి.

నొప్పి తగ్గిందో లేదో తెలుసుకోవడానికి మళ్లీ స్కాన్ అక్కర్లేదు. కొత్త బలహీనత, మొదట చెప్పిన ప్రమాద సూచనలు, నొప్పి వేరే కాలికి మారడం, లేదా ఇంజెక్షనుకు, ఆపరేషనుకు ముందు పాత చిత్రాలు నెలల కిందటివని సర్జన్ కొత్తవి కోరడం, వీటికే మళ్లీ తీయించుకోండి. తీయించేటప్పుడు పాత సీడీని రేడియాలజిస్టుకు ఇచ్చి పోల్చి రాయమని కోరండి, మీ బొమ్మను కూడా ఆ రోజు తేదీతో కొత్తగా గీసి దానికి జతచేయండి.